హిమము కొరకు కనిపెట్టే గ్రామం

తెల్లవారుజామున గడ్డిపరకల మీద నిలిచే నీటిబొట్లను మనం మంచు అంటాం. జనవరి నెలలో రోడ్డును కమ్మివేసి బస్సులను ఆపివేసే తెల్లని తెరను కూడా మంచే అంటాం. క్రిస్మస్ కార్డుల మీద ఇంటికప్పులపై పేరుకొని కనిపించే తెల్లని రాశినీ మంచే అంటాం. మూడింటికీ మన ఇండ్లలో ఒక్కటే మాట. మన తెలుగు బైబిలు మాత్రం ఆకాశం నుండి రాలి నేలమీద పేరుకొనే ఆ మూడవదానికి హిమము అనే మాటను వాడింది. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో, హిమపు నిల్వల సంగతి నీకేమి తెలుసునన్నట్టుగా దేవుడు యోబును ప్రశ్నిస్తాడు. యెషయా 55వ అధ్యాయంలో వర్షంతోపాటు హిమం కూడా భూమిని తడిపి మనిషికి ఆహారమిచ్చే దేవుని దానంగా కనిపిస్తుంది. ఎండదేశంలో పుట్టి పెరిగిన మనం ఈ మాటలను చదివి ముందుకు సాగిపోతాం. అయితే మన మెట్టరైతు వాన కొరకు ఆకాశం వైపు చూసినట్లే, హిమం కొరకు ఆకాశం వైపు చూస్తూ బ్రతికే గ్రామాలు ఈ లోకంలో ఉన్నాయి.

అటువంటి గ్రామాలలో ఒకటి స్విట్జర్లాండు దేశంలోని మ్యూరెన్. సంఘ సంబంధమైన ఒక సమావేశానికి ఫిబ్రవరి నెలలో ఆ దేశం వెళ్ళినప్పుడు, రెండు దినములు ఆ గ్రామంలో గడిపే అవకాశం ప్రభువు దయచేశాడు. అక్కడ కన్నులారా చూసినవి, తరువాత చదివి తెలిసికొన్నవి ఈ పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఆశిస్తున్నాను.

కొండ అంచున ఊరు

ఇంటర్‌లాకెన్ అనే పట్టణం నుండి చిన్న రైలు ఎక్కితే అరగంట లోపే లౌటర్‌బ్రున్నెన్ లోయకు చేరతాం. రెండు వైపులా గోడలవలె నిటారుగా లేచిన బండకొండలు, వాటి మీదనుండి జారే జలపాతాలు. ఈ లోయలో 72 జలపాతాలు ఉన్నాయని చెబుతారు. వాటిలో ష్టౌబాఖ్ అనే జలపాతం దాదాపు 300 మీటర్ల ఎత్తునుండి పడుతుంది. పడే నీరు నేలను చేరకముందే గాలికి తుంపరలైపోతుంది.

అక్కడినుండి తాళ్ళమీద నడిచే పెట్టెలో, అనగా కేబుల్ కారులో, కొండమీదికి ఎక్కి, పైన మరొక చిన్న రైలులో పావుగంట ప్రయాణం చేస్తే మ్యూరెన్ వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 1,650 మీటర్ల ఎత్తులో, లోయ అంచున కట్టిన ఊరు. ఎదురుగా ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ అనే మూడు శిఖరాలు వరుసగా నిలిచి ఉంటాయి. మోంఖ్ అంటే సన్యాసి, యుంగ్‌ఫ్రౌ అంటే కన్య. యుంగ్‌ఫ్రౌ ఎత్తు 4,158 మీటర్లు. మన సినిమా పాటలలో నాయికానాయకుల వెనుక కనిపించే తెల్లని కొండలు చాలావరకు ఈ దేశానివే గనుక, ఆ దృశ్యం మన కళ్ళకు పూర్తిగా కొత్త కాదు. అయితే ఆ కొండల క్రింద ఎవరు కాపురముంటారో, ఏమి తిని బ్రతుకుతారో ఏ పాటా మనకు చెప్పలేదు.

మ్యూరెన్ గ్రామానికి బయటివారి కార్లు రావు. సామాను మోయడానికి చిన్న విద్యుత్ బండ్లు ఉన్నాయి. చిన్నపిల్లలను తల్లులు చెక్కబండి మీద కూర్చోబెట్టి మంచుమీద లాక్కొని వెళతారు. ఊరిలో నిత్యం కాపురముండేవారు నాలుగు వందల పైచిలుకు మాత్రమే. వచ్చే అతిథుల కొరకు మాత్రం సుమారు రెండు వేల పడకలు సిద్ధంగా ఉంటాయి. ఒక బడి, రెండు దేవాలయాలు ఉన్నాయి. ఈ ప్రాంతం బెర్న్ రాష్ట్రానికి చెందినది. 1528లో బెర్న్ రాష్ట్రం సంస్కరణోద్యమాన్ని అంగీకరించింది గనుక, ఇక్కడివారు చాలాకాలంగా ప్రొటెస్టెంటులు. కొండలకు దక్షిణాన ఉన్న వాలే రాష్ట్రం మాత్రం కాథలిక్కు విశ్వాసంలోనే నిలిచిపోయింది.

పశువులు, పచ్చిక, పేదరికం

ఈ గ్రామం మొదటినుండీ ధనవంతుల ఊరు కాదు. 14వ శతాబ్దంలో దక్షిణాన ఉన్న లోట్షెన్‌టాల్ అనే లోయనుండి కొన్ని కుటుంబాలు హిమానీనదాలను దాటి వచ్చి ఈ అంచున స్థిరపడ్డాయి. హిమానీనదమంటే, వేల సంవత్సరాలుగా పేరుకొన్న మంచు గట్టిపడి, కొండలమధ్య నదివలె మెల్లగా క్రిందికి కదిలే మంచుగడ్డ ప్రవాహం. వారి ఆస్తి పశువులు. వేసవిలో పశువులను ఎత్తైన పచ్చికబయళ్ళకు తోలుకొనిపోయి పాలు పితికి జున్నుగడ్డలు చేయడం, ఏటవాలు కొండచరియలలో గడ్డి కోసి చలికాలానికి దాచుకోవడం, ఇదే వారి జీవితం. హిమం కురిసిన తరువాత ఆరు నెలలు తలుపులు మూసుకొని, దాచిన గడ్డితో పశువులు, దాచిన జున్నుతో మనుష్యులు రోజులు వెళ్ళబుచ్చేవారు. ఆ కాలంలో హిమం వారికి భారమే.

19వ శతాబ్దం మధ్యనుండి కొండలు చూడడానికి ఆంగ్లేయులు రావడం మొదలుపెట్టారు. 1891లో ఊరికి రైలు వచ్చింది. అయినా అతిథులు వచ్చేది వేసవిలోనే. చలికాలంలో రైలు ఆగిపోయేది.

మద్రాసులో పుట్టిన బిడ్డ

ఈ ఊరి చలికాలాన్ని మార్చిన కుటుంబానికి మన దేశంతో సంబంధముందని తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం కలిగింది. హెన్రీ లన్ అనే ఆయన ఇంగ్లాండుకు చెందిన మెథడిస్టు బోధకుడు, వైద్యుడు. 1887లో వైద్య మిషనరీగా భారతదేశం వచ్చాడు. ఆరోగ్యం పాడైనందున ఏడాది తిరగకముందే తిరిగి వెళ్ళవలసి వచ్చింది. మిషనరీలు తాము సేవించే ప్రజలకంటె మరీ ఎక్కువ సౌకర్యంగా జీవిస్తున్నారని అతడు 1889లో వ్రాసిన వ్రాతలు మెథడిస్టు సంఘంలో పెద్ద వివాదాన్ని లేపాయి. తరువాత, విడిపోయిన సంఘాలను ఒకచోట కూర్చోబెట్టాలనే ఆశతో, 1892 నుండి మ్యూరెన్‌కు దగ్గరలోని గ్రిండెల్‌వాల్డ్ అనే కొండగ్రామంలో సంఘ నాయకుల సమావేశాలు జరిపించాడు. ఆ సమావేశాలకు వచ్చేవారి ప్రయాణ ఏర్పాట్లు చూస్తూ చూస్తూ, చివరకు ప్రయాణ వ్యాపారంలోనే స్థిరపడ్డాడు. 1910 ప్రాంతంలో మ్యూరెన్ రైలువారిని ఒప్పించి చలికాలంలో కూడా రైలు నడిపించాడు. మూసి ఉండే తలుపులు అప్పుడు తెరుచుకొన్నాయి.

అతని కుమారుడు ఆర్నాల్డ్ లన్ 1888లో మద్రాసులో జన్మించాడు. ఇతడు 1909లో కొండ ఎక్కుతూ పడిపోగా కాలు విరిగి, ఒక కాలు రెండవదానికంటె పొట్టిదైపోయింది. ఆ కాలితోనే జీవితమంతా స్కీయింగు చేశాడు. స్కీయింగు అంటే పాదాలకు పొడవాటి పలకలు బిగించుకొని, చేతులతో రెండు కర్రలు పట్టుకొని, మంచువాలుపై జారడం. వాలుమీద కర్రలు పాతి, వాటిమధ్య మెలికలు తిరుగుతూ దిగే స్లాలమ్ అనే పందెం ఇప్పుడు ఒలింపిక్స్‌లో కూడా ఉంది. దాని నేటి రూపాన్ని 1922 జనవరిలో మ్యూరెన్ గ్రామంలోనే ఆర్నాల్డ్ ఏర్పాటు చేశాడు. 1931లో ఈ క్రీడలో మొదటి ప్రపంచ పోటీలు కూడా ఇక్కడే జరిగాయి. చాలాకాలం విశ్వాసానికి దూరంగా ఉండి వాదించిన ఆర్నాల్డ్, 1933లో రోమన్ కాథలిక్కు సంఘంలో చేరి, ఆ తరువాత క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ అనేక గ్రంథాలు వ్రాశాడు.

తండ్రి సంఘాల ఐక్యత కొరకు ఆరంభించిన పని ప్రయాణ వ్యాపారమైంది, కుమారుని ఆట ఒక గ్రామానికి అన్నమైంది. మన ఉద్దేశాలు ఏ దారిన పోయి ఎక్కడ ఫలిస్తాయో మనకు తెలియదు.

అతిథుల సెలవు, ఊరివారి పని

1965-67 సంవత్సరాలలో లోయనుండి మ్యూరెన్ మీదుగా 2,970 మీటర్ల ఎత్తుగల షిల్ట్‌హార్న్ శిఖరం వరకు కేబుల్ కారు వేశారు. శిఖరం మీద గుండ్రంగా తిరిగే భోజనశాల కట్టారు. 1969లో విడుదలైన ఒక జేమ్స్‌బాండ్ చిత్రం అక్కడ తీయడంతో ఊరిపేరు లోకమంతా ప్రాకింది. 2024 డిసెంబరులో లోయనుండి మ్యూరెన్‌కు మరొక కొత్త కేబుల్ కారు ప్రారంభమైంది. ప్రపంచంలో దీనికంటె నిటారుగా ఎక్కే కేబుల్ కారు లేదు.

మనకు కనిపించేది రంగురంగుల దుస్తులతో జారే అతిథులు మాత్రమే. ఆ ఆట వెనుక ఎంత పని ఉందో రెండు దినములలోనే నాకు అర్థమైంది. రాత్రి అందరూ నిద్రించే వేళ, గొలుసు చక్రాలుగల పెద్ద యంత్రాలు దీపాలు వెలిగించుకొని కొండవాలులు ఎక్కుతాయి. పగలంతా చెదరిపోయిన మంచును అవి దున్నిన మడివలె చదును చేస్తాయి. రాత్రి ఎక్కువగా హిమం కురిస్తే, తెల్లవారుజామున కొండమీద పేలుడు శబ్దాలు వినబడతాయి. పైన పేరుకొన్న మంచు ఒక్కసారిగా విరిగి మనుష్యుల మీద పడకుండా, ముందుగానే దానిని పేల్చి దించివేస్తారు. లిఫ్టుల దగ్గర నిలబడేవారు, స్కీయింగు నేర్పేవారు, గాయపడినవారిని మోసుకొచ్చేవారు, హోటళ్ళలో పక్కలు మార్చేవారు, అందరికీ డిసెంబరు నుండి ఏప్రిలు వరకు ఊపిరాడని పని. వీరిలో పోర్చుగల్ మొదలైన దేశాలనుండి కూలికి వచ్చినవారు చాలామంది ఉంటారు. వేసవిలో గడ్డి కోసే రైతే చలికాలంలో లిఫ్టు నడపడం ఈ కొండలలో మామూలు విషయం.

జనవరి నెలలో ఇన్‌ఫెర్నో అనే పందెం జరుగుతుంది. ఆ మాటకు నరకమని అర్థం. 1928లో 17 మందితో మొదలైన ఈ పందెంలో ఇప్పుడు 1,850 మంది వరకు పాల్గొంటారు. శిఖరంనుండి లోయ వరకు దాదాపు 15 కిలోమీటర్లు దిగాలి. పందెం ముందు సాతాను బొమ్మను ఊరేగించి తగలబెడతారు. నరకమని పేరు పెట్టుకొని, సాతానును తగలబెట్టి, మరునాడు మంచులో జారడం చూసి నవ్వుకొన్నాను.

నన్ను ఆలోచింపజేసినది మాత్రం ఆదివారం ఉదయం. దేవాలయపు గంట మ్రోగుతున్న సమయానికే లిఫ్టులు కూడా కదులుతున్నాయి. క్రిస్మస్, ఈస్టరు మనకు కుటుంబమంతా కలిసికొనే పండుగలు. ఇక్కడివారికి అవే అతిథులు ఎక్కువగా వచ్చే దినాలు. తండ్రి లిఫ్టు దగ్గర, తల్లి హోటలు వంటగదిలో ఉంటే, ఇంటిలోని క్రిస్మస్ చెట్టు వారి కొరకు రాత్రి వరకు ఎదురుచూడాలి. వారిని తప్పుపట్టడానికి ఈ మాట వ్రాయడం లేదు. మన సంఘాలలో కూడా పండుగనాడు ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళే నర్సులు, బస్సు నడిపే డ్రైవర్లు, దుకాణంలో నిలబడే యౌవనస్థులు ఉన్నారు. వారు ఆరాధనకు రాలేదని లెక్కపెట్టడమే మనకు తెలుసు. మన పండుగ సాఫీగా జరగడానికి వారే పని చేస్తున్నారన్న సంగతి మరచిపోతాం. పండుగ సాయంకాలమైనా వారి ఇంటికి వెళ్ళి ప్రార్థన చేసి రావడం సంఘానికి పెద్ద భారమేమీ కాదు.

ప్రార్థన మార్చుకొన్న గ్రామం

పూర్వం హిమం ఎక్కువైతే భయం, ఇప్పుడు హిమం తక్కువైతే భయం. ఆల్ప్స్ కొండలలో వేడి, ప్రపంచపు సగటుకు దాదాపు రెండు రెట్ల వేగంతో పెరిగింది. 2022, 2023 అనే రెండు సంవత్సరాలలోనే స్విట్జర్లాండులోని హిమానీనదాలు తమ పరిమాణంలో పదవవంతు కోల్పోయాయి. ఆకాశం ఇవ్వని చోట యంత్రాలతో నీటిని చల్లి మంచు తయారు చేస్తున్నారు. దానికి కూడా చలి ఉండాలి, చెరువులో నీరుండాలి, కరెంటు ఖర్చు భరించాలి. క్రిందిగ్రామాలలోని చిన్న లిఫ్టులు కొన్ని మూతపడ్డాయి. మ్యూరెన్ ఎత్తులో ఉన్నందున దానికి మరికొంత కాలం గడువుంది.

ఈ సందర్భంలో యుంగ్‌ఫ్రౌ శిఖరానికి ఆవలివైపున జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఆ శిఖరం వెనుకనుండి బయలుదేరే ఆలెచ్ హిమానీనదం ఆల్ప్స్ అంతటిలో పొడవైనది. దాని పొడవు సుమారు 20 కిలోమీటర్లు. దానికి దగ్గరలో ఫీష్, ఫీషర్‌టాల్ అనే గ్రామాలున్నాయి. నేడు ఫీష్ గ్రామం కూడా కేబుల్ కారు, స్కీయింగు అతిథులమీద బ్రతుకుతున్నదే. 17వ శతాబ్దంలో చలి పెరిగి ఆ మంచునది క్రిందికి ఎదుగుతూ వచ్చింది. దాని ప్రక్కన మంచు అడ్డుపడి ఏర్పడిన చెరువు తెగినప్పుడెల్లా వరద వచ్చి పొలాలను ముంచివేసేది. అప్పుడు ఆ గ్రామస్థులు 1678లో దేవుని ఎదుట మ్రొక్కుకొన్నారు. భక్తిగా జీవిస్తామని, మంచునది ఇక ఎదగకుండా చేయమని ప్రార్థించారు. 1862 నుండి సంవత్సరానికి ఒకసారి ఊరేగింపుగా వెళ్ళి ఆ ప్రార్థన చేస్తూ వచ్చారు.

ఆ తరువాతి కాలంలో మంచునది వెనుకకు తగ్గడం మొదలుపెట్టింది. 19వ శతాబ్దం మధ్యనుండి నేటివరకు మూడు కిలోమీటర్లు తగ్గిపోయింది. ఇప్పుడు అది కరగడమే వారికి భయం. నీళ్ళకు, అతిథులకు, కొండచరియల నిలకడకు ఆ మంచే ఆధారం. అందుచేత గ్రామస్థులు తమ పితరుల మ్రొక్కును మార్చుకోవడానికి 2009లో పోపు పదహారవ బెనెడిక్టు అనుమతి కోరారు. 2010లో అనుమతి లభించింది. పితరులు మంచునది తగ్గాలని అడిగిన చోటనే, పిల్లలు మంచునది నిలవాలని అడుగుతున్నారు.

ప్రియ పాఠకులారా, ఈ సంగతి విని కొందరు, దేవుడు వారి ప్రార్థనకు జవాబు ఎక్కువగా ఇచ్చాడని పరిహాసం చేయవచ్చు. అది సరికాదు. ఆ శతాబ్దంలో మొదలైన తగ్గుదలకు, చలియుగం ముగియడం ఒక కారణం. ఈ మధ్యకాలంలో ఇంత వేగంగా కరగడానికి కారణం బొగ్గు, నూనె కాల్చి మనుష్యులు గాలిలోకి వదిలిన పొగ అని శాస్త్రజ్ఞులు తేల్చి చెబుతున్నారు. మనం చేసినదాన్ని దేవుని జవాబుగా లెక్కవ్రాయడం న్యాయం కాదు. ఆ పొగలో ధనిక దేశాల వంతు ఎక్కువ. విమానమెక్కి మంచు చూడడానికి వెళ్ళేవారందరికీ, నాతో సహా, అందులో కొంత వంతు ఉంది.

నాకు ఆ గ్రామస్థులలో నచ్చినది వారి నిజాయితీ. మూడు వందల సంవత్సరాల ఆచారం గనుక అర్థమున్నా లేకున్నా అదే మాటలు వల్లించుదామని వారు అనుకోలేదు. ప్రార్థన మానివేద్దామనీ అనుకోలేదు. కళ్ళు తెరిచి కొండవైపు చూచి, తమ అవసరమేమిటో తెలిసికొని, ప్రార్థన మాటలను సరిచేసుకొన్నారు. మన కుటుంబ ప్రార్థనలలో తాత అడిగిన మాటలే మనుమడు అడుగుతున్నాడా, లేక ఈనాటి ఇంటి పరిస్థితిని ఎరిగి అడుగుతున్నాడా అని ఒకసారి పరీక్షించుకోవడం మంచిది.

పితరుల లోయలో

మ్యూరెన్ పూర్వికులు లోట్షెన్‌టాల్ లోయనుండి వచ్చారని పైన వ్రాశాను. ఆ లోయలో బ్లాటెన్ అనే గ్రామం ఉండేది. 2025 మే నెలలో గ్రామానికి పైనున్న కొండనుండి బండలు విరిగి బిర్ఖ్ అనే హిమానీనదం మీద పడసాగాయి. కొలతలు తీస్తూ కనిపెట్టి చూస్తున్న శాస్త్రజ్ఞులు హెచ్చరించగా, మే 19న సుమారు 300 మంది గ్రామస్థులను, వారి పశువులను కూడా ఖాళీ చేయించారు. మే 28న హిమానీనదం ఆ బండల బరువుతో కూలి, గ్రామంలో దాదాపు తొమ్మిది వంతులు మట్టి, మంచు క్రింద కప్పబడిపోయింది. దేవాలయం కూడా పోయింది. అడ్డుపడిన నది నీరు నిలిచి, మిగిలిన ఇండ్లను ముంచివేసింది. ఒక్కరు మాత్రం చనిపోయారు. హెచ్చరికను వినకపోతే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

ఇల్లు, పాక, పశువు, తాతలనాటి సమాధులు విడిచి, ఏ ప్రమాదమూ కంటికి కనబడకముందే లేచి వెళ్ళడం తేలికైన పని కాదు. నోవహు ఓడ కట్టినప్పుడు కూడా వర్షం పడడం లేదు. చెప్పినవారి మాటను నమ్మి కదిలినవారు బ్రతికారు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మన తీరప్రాంతపు కుటుంబాలు ఎదుర్కొనే పరీక్ష కూడా ఇదే. హెచ్చరికను వినడం విశ్వాసానికి లోటు అని ఎవరైనా బోధిస్తే వారి మాట వినకండి. కాపాడే దేవుడే కొలిచేవారికి జ్ఞానమిచ్చాడు.

బ్లాటెన్ ప్రజలు తమ ఊరిని మళ్ళీ కట్టుకోవాలని నిర్ణయించుకొన్నారు. కొండ ఇకమీదట ఎలా ప్రవర్తిస్తుందో చూచుకొంటూ, ప్రభుత్వ సహాయంతో ఆ పని చేయాలి. మ్యూరెన్ ప్రజలు ప్రతి నవంబరులోను ఆకాశం వైపు చూస్తారు. హిమం సమయానికి పడితే వారి పిల్లలు ఆ ఊరిలోనే బడికి వెళతారు. పడకపోతే, పనికొరకు ఒక్కొక్క కుటుంబం లోయకు దిగిపోవలసి వస్తుంది.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో, మనం క్రిస్మస్ కార్డులలో మాత్రమే చూసిన ఆ కొండగ్రామాలను జ్ఞాపకం చేసికొందాం. నిరాశ్రయులైన బ్లాటెన్ కుటుంబాల కొరకు, సెలవు దినాలలో సెలవు లేని పనివారి కొరకు, సమయానికి హిమం కొరకు ప్రార్థిద్దాం. అదే ప్రార్థనలో మన మెట్టపొలాలకు సకాలంలో వాన దయచేయమని కూడా అడుగుదాం. ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.